సీ డ్రైవ్‌లో ఏమన్న ఉన్నదా

నా భార్య అరుంధతి పోయిన ఎనిమిది నెలలకు ఆమె కంప్యూటర్ మీది గుడ్డ తీశాను. పాత చీర అంచుతో ఆమె కుట్టిందే. కింద దుమ్ము లేదు. అంత శ్రద్ధగా కప్పి వెళ్లింది.

అది 2002లో కొన్న కంప్యూటర్. చిలుకూరు హైస్కూల్లో తెలుగు చెప్పే అరుంధతి, బడి అయ్యాక జీవాలు కాసే ఇళ్లకు వెళ్లి, ఆడవాళ్ల దగ్గర కూర్చుని, గొర్రెల గురించి వాళ్లు వాడే మాటలన్నీ రాసుకునేది. చెవి తీరుకో మాట, బొచ్చు రంగుకో మాట, మందలో వెనకబడేదానికో మాట, తల్లి దగ్గరికి రానివ్వని పిల్లకో మాట. ఇంటికి వచ్చి టైపు చేసి, రాసుకున్న చీటీలు చించేసేది. ఇల్లంతా కాగితాలు చేస్తున్నావని నేను విసుక్కున్నందుకే ఆ చించడం. ఐదేళ్లలో రెండు వేల నాలుగు వందల పైచిలుకు మాటలు పోగయ్యాయి. సంవత్సరీకం నాటికి వాటిని పుస్తకంగా తేవాలనుకున్నాను. మిర్యాలగూడలో ప్రెస్సు నడిపే మా మహేశ్వర్ వేస్తానన్నాడు. ఫైలు తెస్తే చాలన్నాడు.

నేను మిర్యాలగూడ కాలేజీలో కామర్స్ చెప్పి ఆమె పోయాక వచ్చిన మార్చిలో రిటైరయ్యాను. అంతవరకూ వారమంతా అక్కడ గదిలో ఉండి, శనివారం కోదాడ ఇంటికి వచ్చేవాణ్ని. ఆ కంప్యూటర్ ముందు ఒక్క రోజు కూడా కూర్చోలేదు. “ఒకసారి రండి, ఎక్కడ ఏముందో చూపిస్తా” అని ఆమె ఎన్నోసార్లు పిలిచింది. “నీది నీకు తెలిస్తే చాలదా” అనేవాణ్ని. నా ప్రశ్నపత్రాలు మాత్రం చేత్తో రాసి ఆమెకు ఇచ్చేవాణ్ని. ఆమె టైపు చేసి ఫ్లాపీలో పెట్టి ఇచ్చేది.

స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది, పచ్చ దీపం వెలిగింది. నల్లటి తెర మీద తెల్లగా రెండు ఇంగ్లీషు వాక్యాలు వచ్చాయి. ఈ డిస్కు పనికిరాదు, మార్చి ఏదైనా మీట నొక్కమని వాటి సారాంశం. ఏదైనా అంటే ఏది? ఒకటి నొక్కాను. మళ్లీ అవే వాక్యాలు. ఒక్కొక్కటిగా అన్నీ నొక్కాను. వీధి చివర ఇంటర్నెట్ సెంటర్ ఆయన ఫోన్లోనే విని, “విండోస్ పోయిందండీ. మా వల్ల కాదు, సూర్యాపేట తీసుకెళ్లండి” అన్నాడు.

మర్నాడు ఆ డబ్బాను దుప్పట్లో చుట్టి పొద్దున బస్సెక్కాను. కండక్టర్ ఒకసారి చూసి, “ఒడిల ఎందుకు పెట్టుకున్నరు సార్, డ్రైవర్ పక్కన పెట్టుండ్రి, గాడ ఊగదు” అన్నాడు. ఆ మధ్య నాతో ఎవరూ అంత నెమ్మదిగా మాట్లాడిన గుర్తు లేదు.

సూర్యాపేటలో రిపేరు షాపు నడిపే నగేష్ నలభై దాటిన మనిషి. బల్ల నిండా విప్పిన డబ్బాలే.

“ఫికర్ చెయ్యకుండ్రి సార్. సాయంత్రం వరకు లేపి ఇస్త.”

“జాగ్రత్త నగేష్. అందులో మా ఆవిడ పని ఉంది.”

“మేడం లేరా?”

“లేదు.”

అతను చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. “నంబరిచ్చి పోండ్రి సార్. అడగకుండ ఏం చెయ్య” అన్నాడు.

అక్కణ్నుంచి మిర్యాలగూడ వెళ్లాను. మహేశ్వర్ కాగితం నమూనాలు బల్ల మీద పరిచి, అట్ట రంగు గురించి మాట్లాడుతుండగా నగేష్ ఫోన్ చేశాడు.

“సార్, డిస్క్ మంచిగనే ఉన్నట్టుంది, విండోసే లేస్తలేదు. ఫార్మాట్ కొట్టి కొత్తది ఎక్కిస్త, సీ డ్రైవ్ మొత్తం తుడుచుకపోతది. సీ డ్రైవ్‌ల ఏమన్న ఉన్నదా? ఉంటే ఇంకో సిస్టంకు తగిలిచ్చి తీసి పెడ్త, అర్ధగంట పడ్తది. డీ డ్రైవ్‌కు ఏం కాదు. చానమంది అన్నీ డీలనే పెట్టుకుంటరు.”

సీ అంటే ఏమిటో, డీ అంటే ఏమిటో నాకు తెలియదు. తెలియదు అంటే సరిపోయేది. అర్ధగంట. కానీ ఎదురుగా మహేశ్వర్ నన్నే చూస్తున్నాడు. అరుంధతి పని గురించి అప్పటిదాకా అతనికి గంటసేపు చెప్పినవాణ్ని నేనే. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన గొంతుతోనే అన్నాను:

“సీలో ఏమీ లేదు. అన్నీ డీలోనే ఉంటాయి.”

“పక్కానా సార్?”

“ఆమె పద్ధతి నాకు తెలియదా? నువ్వు కానివ్వు.”

సాయంత్రం షాపుకు వెళ్లేసరికి తెర మీద పచ్చటి గుట్ట, నీలి ఆకాశం. “సూడుండ్రి సార్, ఎంత ఫాస్ట్‌గ ఉన్నదో” అంటూ నగేష్ డీ డ్రైవ్ తెరిచాడు. పాత పాటలు ఒక పది ఉన్నాయి. టైపింగ్ నేర్చుకునే రోజుల్లో ఆమె పదేపదే కొట్టిన ఒక పేజీ ఉంది. ఇంకేమీ లేదు.

“మై డాక్యుమెంట్స్‌ల పెట్టిందేమో మేడం” అన్నాడు నగేష్, గొంతు తగ్గించి. “అది సీలనే ఉంటది సార్.”

నేను నిలబడే ఉన్నాను. అతను స్టూలు నా వెనక్కి జరిపి, మెల్లగా కూర్చోబెట్టాడు. తర్వాత సొరుగు లాగి ఒక ఫ్లాపీ తీశాడు.

“ఇంకొకటి చెప్పాలె. చెప్పకుంటే నాకు నిద్ర పట్టది. అంతా ఎక్కిచ్చి రీస్టార్ట్ చేస్తె మళ్ల గదే మాట వచ్చింది సార్. ఏందని సూస్తె ఫ్లాపీ సందుల గిది ఉన్నది. సిస్టం దీన్ని సదవబోయి ఆగింది. దీన్ని గుంజేస్తె అయిపోతుండె. విండోస్‌కు ఏం కాలే. పొద్దున సూడకపోవుడు నా తప్పే.”

ఫ్లాపీ మీద అరుంధతి గుండ్రటి చేతిరాత: అర్ధ సంవత్సర పరీక్ష, కామర్స్, రెండో సంవత్సరం.

నా ప్రశ్నపత్రం. ఆ పరీక్షకు ముందటి సోమవారం పొద్దున బస్టాండు నుంచి ఫోన్ చేసి, ఫ్లాపీ సంచిలో ఎందుకు పెట్టలేదని అరిచాను. “కంప్యూటర్‌లోనే మరిచిపోయానేమో, వచ్చి తీసుకుంటారా?” అంది. “అక్కర్లేదు, చేత్తోనే రాసుకుంటా” అని పెట్టేశాను. బుధవారం బడిలోనే కూలిపోయింది. దవాఖానకు చేరలేదు.

నగేష్ ఆ డిస్కును నాలుగు రోజులు దగ్గర పెట్టుకుని, పోయినవి వెతికే సాఫ్ట్‌వేర్లన్నీ వేసి చూశాడు. ముక్కలు వచ్చాయి. ఏ ముక్కా చదవడానికి రాలేదు. పుస్తకం సంగతి మహేశ్వర్ మళ్లీ అడగలేదు.

ఆ పై వారం చిలుకూరు వెళ్లాను. అరుంధతికి ఎక్కువ మాటలు చెప్పింది సత్తెమ్మ అని నాకు తెలుసు. డెబ్బై దాటిన మనిషి, అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. నేను చెప్పిందంతా విని నోరు చప్పరించింది.

“గిన్నేండ్లు మేడం ఒక్కతే వచ్చె. ఒక్కనాడన్న ఎంబడి రాకపోతివి. ఇప్పుడొచ్చినవా సారూ, నోటుబుక్కు పట్టుకొని?”

“తప్పే సత్తెమ్మా.”

“చెప్పుమంటే ఎట్ల చెప్పాలె? గొర్లు పోయినేడే అమ్మితిమి. బోర్లేసి చెల్కలన్నీ నాట్లేసిరి, మేపనీకి జాగేది? జీవం కండ్ల ముంగట ఉంటెనే మాట వస్తది. ఉత్తగ అడిగితే వస్తదా?”

అన్నదే గానీ లేచింది. నా చేతికి గొడుగిచ్చి, తను కొంగు తలమీద వేసుకుని రోడ్డు దాకా నడిచింది. తండాలో ఉండే హన్మా గొర్రెల మంద ఆ దారినే ఇంటికి పోతుందట. ఎండలో గంటసేపు నిలబడ్డాం. మంద వచ్చింది. ఆమె చెయ్యి చాపి ఒక్కొక్కదాన్ని చూపిస్తూ చెప్పింది, నేను రాశాను. దుమ్ములో మంద వెళ్లిపోయేసరికి పదకొండు మాటలయ్యాయి.

అన్నిటి వెనక ఒక పిల్ల కుంటుతూ వచ్చింది. దాని తల్లి వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

“దీన్నేమంటారు?”

సత్తెమ్మ నుదురు రుద్దుకుంది. పెదవులు కదిలాయి, మాట రాలేదు.

“యాదికొస్తలేదు సారూ. మేడంకు చెప్పిన. మేడంను అడుగు, రాసి పెట్టుకున్నది...” అని ఆగిపోయింది.

నేను నోటుబుక్కులో పన్నెండు అని అంకె వేసి, మాట చోటు ఖాళీగా వదిలి, పక్కన ఆ పిల్ల ఎట్లా నడుస్తోందో రాశాను.