రెండుసార్లు కొట్టిన బిల్లులు

తెర మీద అంతా పచ్చగా ఉంది. అదే పిచ్చుకకి అంతు పట్టడం లేదు.

పిచ్చుక అంటే పక్షి కాదు. చిన్నప్పుడు కంచం ముందు కూర్చోబెడితే గింజలు ఏరుకున్నట్టు తినేదని వాళ్ళ మేనత్త పెట్టిన పేరు. ఇంజనీరింగ్ చదివి, ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగంలో చేరినా ఆ పేరు వదల్లేదు. ఎలా వదులుతుంది? అదే కంపెనీలో, కింది అంతస్తులో బిల్లులు కంప్యూటర్లోకి ఎక్కించేది ఆ మేనత్తే. చేరిన రోజే గేటు దగ్గర "పిచ్చుకా, డబ్బా మర్చిపోయావే!" అని కేకేసింది. అంతే, ఇప్పుడు మేనేజరు కూడా పిచ్చుకమ్మా అంటాడు.

కంపెనీకి రేకులిచ్చేవాళ్ళు, వైరిచ్చేవాళ్ళు, అట్టపెట్టెలిచ్చేవాళ్ళు బోలెడంతమంది. వాళ్ళు పంపే బిల్లులన్నీ అత్తా, పక్క కుర్చీలో పొడుగావిడా కలిసి ఎక్కిస్తారు. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనుకుంటారు. ఎవరు ఎవరికి ఏ వరసన వదినో వాళ్ళకీ తెలీదు. ఈమధ్య తప్పులు ఎక్కువైపోయాయి. మేనేజరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు, నెలాఖరుకల్లా తప్పులు తగ్గకపోతే పని బయటవాళ్ళకి ఇచ్చేస్తానని, వదినలిద్దరూ ఇంటికేనని.

"ఇంటికెళ్ళి ఏం చెయ్యనే?" అంది అత్త. "మీ మామయ్య మొహం చూస్తూ కూర్చోనా? ఏదో ఒకటి చెయ్యవే తల్లీ. చదువుకున్నావు కదా."

పిచ్చుక చేసింది. ఒకే బిల్లుని ఇద్దరూ ఎవరి కంప్యూటర్లో వాళ్ళు కొట్టాలి. రెండూ పక్కపక్కన పెట్టి సాఫ్ట్‌వేర్ చూస్తుంది. కలిస్తే పచ్చ, కలవకపోతే ఎరుపు. ఇద్దరు మనుషులు ఒకే చోట ఒకే తప్పు చెయ్యడం జరిగే పని కాదు కదా అని ఆమె ధీమా.

మొదటిరోజు నుంచీ అన్నీ పచ్చే. మచ్చుకైనా ఒక్క ఎరుపు లేదు. మేనేజరు భుజం తట్టాడు. అత్త ఇంట్లో అందరికీ ఫోన్లు చేసి చెప్పేసింది.

తర్వాత అట్టపెట్టెలాయన ఫోన్ చేశాడు, నా బిల్లు మీ దగ్గర లేదంటున్నారేంటని. పిచ్చుక వెతికితే బిల్లు ఉంది. కానీ బిల్లు నంబరు ఉండాల్సిన గడిలో సరుకుతోపాటు వచ్చే చలానా నంబరు ఉంది. అత్తా అదే కొట్టింది, పొడుగావిడా అదే కొట్టింది. ఆ వెనకే వైరాయన ఫోను. ఆయన బిల్లులో మధ్య వరస ఒకటి ఎగిరిపోయింది. ఇద్దరి దగ్గరా అదే వరస.

పిచ్చుకకి బుర్ర తిరిగింది. రాసిన ప్రోగ్రామంతా మళ్ళీ చదివింది. బాగానే ఉంది. కావాలని తనే రెండు రకాలుగా కొట్టి చూసింది. ఠక్కున ఎరుపొచ్చింది. మరి వీళ్ళకెందుకు రాదు? ఒకళ్ళది చూసి ఒకళ్ళు కొడుతున్నారా అంటే, తెరలు కనపడకుండా తనే కదా బల్లలు తిప్పించింది! ఎంత తల గోక్కున్నా లాభం లేక కింద గదికి వెళ్ళింది. ఇన్నాళ్ళలో వాళ్ళు పని చేస్తుండగా ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి.

గుమ్మంలోనే ఆగిపోయింది.

పొడుగావిడ బిల్లు ఎత్తి పట్టుకుని, బళ్ళో ఎక్కాలు అప్పజెప్పినట్టు గట్టిగా చదువుతోంది. "నంబరూ... ఎనిమిదీ, సున్నా, నాలుగూ..." ఆవిడ చదువుతుంటే అత్త కొడుతోంది. చదువుతూనే ఎడం చేత్తో పొడుగావిడా కొడుతోంది.

"అత్తా! ఏం చేస్తున్నారు?"

"కనపడట్లేదా? బిల్లులు కొడుతున్నాం."

"ఆంటీ ఎందుకు చదువుతున్నారు?"

"ఎప్పుడూ ఆవిడే చదువుతుంది, నేను కొడతాను. ఇప్పుడు నువ్వు వచ్చి ఇద్దర్నీ కొట్టమన్నావు. పాపం, ఒక చేత్తో తంటాలు పడుతోంది."

"ఇద్దరూ విడివిడిగా చెయ్యాలత్తా!"

"రెండుసార్లు కొట్టాలన్నావు, కొట్టాం. రెండుసార్లు చదవాలని చెప్పావా?"

పిచ్చుక తను చెప్పినవన్నీ ఒకసారి గుర్తు చేసుకుంది. నిజమే, చెప్పలేదు. చెప్పాల్సొస్తుందని ఎవరనుకుంటారు?

ఆ పూటే మధ్యలో ఫైళ్ళ బీరువా పెట్టించింది. వదినలు చెరోపక్క. కాసేపు గదిలో టకటకలు తప్ప చప్పుడు లేదు. తర్వాత బీరువా అవతల్నుంచి "వదినా, ఇందులో తేదీ ఎక్కడుంది?" అని అత్త గొంతు. ఇవతల్నుంచి "మాట్లాడకూడదంట వదినా" అని నీరసంగా జవాబు. సాయంత్రానికి తెరంతా ఎరుపు. అత్తకి కాగితం చదవడం అలవాటు లేదు, పొడుగావిడకి పైకి చదవకుండా కొట్టడం చేతకాదు. ఒక్కో బిల్లుకీ ఒక్కో రకం తప్పు.

మేనేజరు పైకి పిలిచాడు.

"నిన్నటిదాకా పచ్చగా ఉంది కదమ్మా?"

"అప్పుడు తప్పులున్నాయండీ."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు... కనపడుతున్నాయండీ."

ఆయన ఆమె మొహంలోకి అదోలా చూశాడు. "రేపు మధ్యాహ్నం నేనే వచ్చి చూస్తాను. బయటవాళ్ళ మనిషిని కూడా రమ్మన్నాను. చూసి అప్పుడే తేల్చేస్తా."

పొద్దున్నే పిచ్చుక ఆ గదిలోనే తిష్ట వేసింది. తోచక బీరువా పక్కకి జరిపించింది. వదినలిద్దరూ తప్పిపోయి దొరికిన వాళ్ళలా కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. పొడుగావిడ రేకులవాళ్ళ బిల్లు చదివింది, అత్త కొట్టింది. నంబరు తప్పు, మళ్ళీ చలానాదే.

"ఆంటీ, ఇంకోసారి చూడండి."

ఆవిడ మళ్ళీ చూసింది, మళ్ళీ అదే చదివింది. ముమ్మాటికీ అదేనంది.

"ఏదీ, ఇటివ్వు వదినా" అని అత్త కాగితం లాక్కుంది. "ఇదేంటి, కింద ఇంకో నంబరుంది?"

పిచ్చుక లేచి నిలబడింది. ఏదో అర్థమైంది. ఏమిటో పూర్తిగా తెలీదు. కాగితం చెయ్యి మారగానే కన్ను కూడా మారింది, అంతవరకే. అక్కడే కూర్చుని తను రాసిందంతా మార్చడం మొదలెట్టింది. పొడుగావిడ చదివితే అత్త కొడుతుంది. అయిపోగానే అత్త తెర ఖాళీ అయిపోయి, కొట్టిందంతా పొడుగావిడ తెర మీదకి ఒక్కో గడీ పెద్ద అక్షరాలతో వస్తుంది. కాగితం అత్త చేతికి పోతుంది. ఇప్పుడు అత్త చదవాలి. పొడుగావిడకి రెండే మీటలు, "అవును", "కాదు". అన్నిటికీ అవునంటేగానీ బిల్లు కదలదు.

మధ్యాహ్నం మేనేజరు వచ్చాడు. వెనకే బయటవాళ్ళ మనిషి, బూట్లు తళతళలాడుతూ. మొదటి బిల్లు సాఫీగా పోయింది. రెండోదానికి అత్త నంబరు చదవగానే పొడుగావిడ మీట నొక్కి "కాదు!" అంది.

"కాదేంటి? ఇక్కడ ఇదే ఉంది" అంది అత్త.

"నేను చదివింది వేరు."

"నువ్వు పై నంబరు చదివావు. అది చలానాది."

"చాల్లే వదినా, నువ్వే తప్పు కొట్టుంటావు!"

"నేనా? పెద్దమనుషుల ముందు నన్నంటావా?"

ఇద్దరూ కాగితానికి చెరో కొసా పట్టుకున్నారు. అయిపోయింది, ఇద్దరూ ఇంటికే అనుకుంది పిచ్చుక. కాసేపటికి పొడుగావిడ కాగితం వదిలేసి, "సరే, నాదే తప్పు, మార్చు" అని గొణిగింది. అత్త మార్చింది.

మేనేజరు అటు చూసి, ఇటు చూసి అడిగాడు. "పిచ్చుకమ్మా, ఇది తప్పు దొరికినట్టా, కొట్లాట మొదలైనట్టా?"

"రెండూ... అనుకుంటానండీ."

ఆయన బూట్లాయన వైపు తిరిగాడు. "మీ వాళ్ళు ఇలా చేస్తారా?"

"అబ్బే, మావాళ్ళు మహా క్రమశిక్షణ సార్. పనిలో ఒకరితో ఒకరు మాటే మాట్లాడరు."

మేనేజరు చెవి గోక్కున్నాడు. తెర మీది నంబరు ఒకసారి, కాగితం మీది నంబరు ఒకసారి చూశాడు.

"అయితే వద్దులెండి" అన్నాడు.

అత్త తల ఎత్తలేదుగానీ కుర్చీని బల్ల దగ్గరికి ఇంకాస్త లాక్కుంది.

బూట్లాయన వెళ్ళిపోయాక మేనేజరు గుమ్మం దగ్గర ఆగాడు. "అన్నట్టు, నెలాఖరు రిపోర్టులో ఎరుపు ఎక్కువుంటే మంచిదా, తక్కువుంటే మంచిదా?"

పిచ్చుక ఆలోచించింది. ఎక్కువుంటే దొరుకుతున్నట్టు. తక్కువుంటే తప్పులు లేనట్టు, లేదా ఇద్దరూ రాజీపడిపోయినట్టు.

"రేపు చెప్తానండీ" అంది.

గదిలోంచి పొడుగావిడ గొంతు ఖంగుమంది. "కాదు!"