తడి ఆరని మడి

నా భార్య భారతి పోయిన రోజునే మునిసిపాలిటీ నోటీసు వచ్చింది. ఈ ఏడు కరువు. కొళాయి నీళ్లతో ఆకుకూరలు పండించి అమ్మకూడదని అందులో ఉంది. భారతి పెరటి మడిలో చుక్కకూర పెంచి గేటు దగ్గర అమ్మేది. దినాలు కాగానే పెరటి కొళాయి మూయించాను. మడి ఎండిపోవాలి. ఎండలేదు.

నెల తర్వాత మునిసిపాలిటీ నుంచి ఓబిలేష్ తనిఖీకి వచ్చాడు. ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే. మడిలో చెయ్యి పెట్టి నవ్వాడు.

"అబద్ధమాడితే మాకు గోడకుర్చీ ఏపిస్తాంటిరి కదా సార్! ఈడ సూస్తే తడి ఉండాదే!"

"నేను పోయలేదప్పా."

"మరి ఎవురు పోస్తాండారు? వానదేవుడా?"

అతని వేళ్లకు తెల్లని నీళ్లు, రెండు బియ్యపు గింజలు అంటుకున్నాయి. భారతి బియ్యం కడిగిన నీళ్లు మడికే పోసేది. ఆమె పోయాక మా ఇంట్లో అన్నం వండలేదు. నేను మెస్సులో తింటున్నాను. ఆ మాటే అతనికి చెప్పాను.

ఓబిలేష్ చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. నవ్వలేదు.

"కడుగునీళ్లయితే తప్పు లేదు సార్. ఎవురు పోస్తాండారో ఈ ఫారంలో రాసీండి. లేకుంటే సోమవారం మడి పీకేయాల."

రేపు సోమవారం. ఫారంలో తక్కినవన్నీ నింపాను. నీళ్లు పోసేవారి పేరు ఇంకా రాయలేదు.