నాన్న అమ్మని షేర్లు

నాగభూషణం పోయిన మూడేళ్లకు, ఆయన దాచిన సిమెంటు కంపెనీ షేర్లను పిల్లలిద్దరూ చెరిసగం పంచుకుని అమ్మేశారు. ఆదాయపు పన్ను రిటర్న్ వేసే గడువు నెత్తిమీదికి రావడంతో తేజశ్రీ ఆదివారం పొద్దున్నే ద్వారకలో మెట్రో ఎక్కి, ఇందిరాపురంలో అన్నయ్య శేషగిరి ఇంటికి వచ్చింది.

వాళ్ల కుటుంబంలో డబ్బు విషయాలు మొదటినుంచీ అన్నయ్యవే. ఆమెను సంతకానికి పిలిచేవారు, సలహాకు కాదు. ఈసారి మాత్రం తేజశ్రీ రూల్సన్నీ చదువుకుని, తెలిసినవాళ్లను అడిగి నిర్ధారించుకుని మరీ వచ్చింది.

"కొన్న ధర దగ్గర నాన్న పోయిన రోజు రేటు వేసేశా. లాభం తక్కువ కనిపిస్తుంది. నువ్వూ అదే వెయ్యి," అన్నాడు శేషగిరి ల్యాప్‌టాప్ తెరుస్తూ.

"కుదరదన్నయ్యా. నాన్న ఎంతకు కొన్నారో అదే మనం కొన్న ధర కింద లెక్క. ఆయన పోయిన రోజుతో పనిలేదు."

"ముప్పై ఏళ్లనాటి బిల్లు ఎక్కణ్ణుంచి తెస్తావు? పోనీ, సున్నా వేద్దామా?"

"అక్కర్లేదు. అంత పాత షేర్లకు రెండువేల పద్దెనిమిది జనవరి ముప్పై ఒకటిన పలికిన రేటు తీసుకోవచ్చు. అది నాన్న కొన్నదానికంటే బాగా ఎక్కువ, మనం అమ్మినదానికంటే తక్కువ. కాబట్టి అదే చెల్లుతుంది. ఆ తర్వాత కంపెనీ ఉచితంగా ఇచ్చిన బోనస్ షేర్లకు మాత్రం కొన్న ధర సున్నానే."

శేషగిరి మొహం మాడిపోయింది. బోనస్ మాటకే అనుకుంది తేజశ్రీ.

"ఆ జనవరిలోనే నాన్నను అడిగాను, షేర్లు అమ్మి ఈ ఫ్లాట్‌కి సాయం చెయ్యమని," అన్నాడతను మెల్లగా. "ససేమిరా అన్నారు. నీకోసం దాస్తున్నారనుకున్నా."

తేజశ్రీ తెల్లబోయింది. "నాకా? ఆ ఏడాదే నేను ఎంబీఏ ఫీజుకి అడిగితే, 'ఉండనీవే, అవి ఇద్దరివీ' అన్నారు. నీకే ఇస్తారనుకున్నాను."

పెసరట్ల పళ్లెం పట్టుకొచ్చిన వదిన గౌరి గుమ్మంలోనే ఆగిపోయింది. "అచ్ఛా! ఇన్నేళ్లూ ఒకరిమీద ఒకరు ఇలా అనుకుంటూ ఉన్నారా?"

ముందు శేషగిరికి నవ్వొచ్చింది. తర్వాత ముగ్గురికీ ఆగలేదు.

తిన్నాక అతను తను వేసిన అంకె చెరిపేసి, ల్యాప్‌టాప్ చెల్లెలి ముందుకు జరిపాడు. "నావీ నువ్వే వెయ్యవే."

"టాక్స్ నువ్వనుకున్నదానికంటే ఎక్కువే పడుతుంది, చెబుతున్నా."

"పడనీ. నోటీసొచ్చాక తంటాలు పడేకంటే నయం."

తేజశ్రీ తడుముకోకుండా పాత షేర్లు ఒకచోట, బోనస్ షేర్లు ఇంకోచోట వేసుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి ఇద్దరి రిటర్న్‌లూ వెళ్లిపోయాయి.

ఆమెను మెట్రో స్టేషన్లో దింపడానికి బయలుదేరినప్పుడు లిఫ్టులో పక్కింటి అంకుల్ పలకరించాడు. "మా చెల్లెలు," అని హిందీలో గొప్పగా చెప్పాడు శేషగిరి. "మా ఇంట్లో టాక్స్ లెక్కలన్నీ తనే చూస్తుంది."