రెండో నంబరు పెట్టె

గ్లోరీ వైర్ల కొసలను స్పిరిట్ దూదితో తుడిచి, ఎరుపు, నలుపు, పచ్చ వేరువేరుగా బల్ల మీద పరిచింది. ఎనిమిదిన్నర కావస్తోంది. ఆ గది ఒకప్పుడు ఆస్పత్రి వాళ్లు విరిగిన మంచాలు పడేసుకున్న కొట్టు. ఏడాదిగా అందులో వణుకుడు జబ్బు మీద పరీక్ష జరుగుతోంది. చేతులు వణికేవాళ్లు వారానికి మూడుసార్ల చొప్పున ఎనిమిది వారాలు వస్తారు. ముంజేతికి మూడు బిళ్లలు అంటించి వైర్లు పెట్టెకు తగిలిస్తే, కండ బిగిసినప్పుడు పెట్టె టిక్కుటిక్కుమని జోరుగా మోగుతుంది. కండ వదులైతే నెమ్మదిస్తుంది. ఆ చప్పుడు వింటూ మనిషి తన కండను తానే వదులు చేసుకోవడం నేర్చుకోగలడా, నేర్చుకుంటే వణుకు తగ్గుతుందా అన్నది డాక్టర్ పృథ్వీరాజ్ తేల్చుకోవాలి.

అందులో గ్లోరీ పని చిన్నది. ముంజేతి మీద వెంట్రుకలు గీకాలి, బిళ్లలు అంటించాలి, అరగంట పక్కన కూర్చోవాలి, మళ్లీ ఊడదీయాలి. కాగితాల్లో ఆమె అటెండరు. వచ్చేవాళ్లు మాత్రం సిస్టరమ్మా అంటారు.

నలభై ఎనిమిదేళ్లు ఆమెకు. పొట్టి మనిషి, ఎత్తు బుగ్గలు, నుదుటి మీద ఎప్పుడూ ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు ఒక ముడత. పాతపట్నంలో చర్చి వెనక వాళ్ల ఇల్లు. తల్లి ఏసమ్మ పక్షవాతంతో పదకొండేళ్లు మంచాన ఉంది. ఆ పదకొండేళ్లలో వచ్చిన సంబంధాల వాళ్లు గుమ్మం దాటి, మంచం చూసి, టీ తాగి వెళ్లిపోయారు. తల్లి పోయేసరికి సంబంధాలు అడిగేవాళ్లూ లేకపోయారు. గ్లోరీ శ్రీకాకుళం వచ్చి ఆస్పత్రిలో చేరింది. పద్నాలుగేళ్లుగా ఎందరి ఒళ్లనో తుడిచింది, ఎందరినో ఎత్తి కూర్చోబెట్టింది. ఆమె చేయి పట్టుకున్నవాళ్లు మాత్రం లేరు.

గంగులు తొమ్మిదింటికల్లా వచ్చాడు. ఇవాళ అతనిది ఇరవై నాలుగో సిట్టింగు, ఆఖరుది. చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో అతనికి మంగలి షాపు ఉంది. యాభై ఎనిమిదేళ్ల బక్కపలచటి మనిషి. ఎంత ఎండలో వచ్చినా చొక్కా ఇస్త్రీ నలగదు. ఆరేళ్ల కిందట కుడిచేయి వణకడం మొదలైంది. ముందు గెడ్డాలకు వచ్చేవాళ్లు మానేశారు, తరవాత క్రాఫులకు వచ్చేవాళ్లు. ఇప్పుడు తమ్ముడు కత్తి పడితే ఇతను నీళ్లు అందిస్తాడు.

"మా ఆడది కూర్మమ్మ గలాసు పట్టుకుంటాది, నాను తాగుతాను. ఇంట్లో అంటే సరే సిస్టరమ్మా. పెళ్లిలో పదిమందిలోన కూడా అలగే తాగాలంటే ఏటి సెప్పమంటారు?" అన్నాడు మొదటివారం.

ఆ మొదటిరోజే గ్లోరీ ఆస్పత్రి బ్లేడుతో అతని ముంజేయి పొడిగా గీకింది. గంగులు ఎగిరిపడ్డాడు.

"ఓలమ్మా! సేప పొలుసు తీస్తన్నారేటి? బ్లేడు నిలబెట్టకండి, పడుకోబెట్టండి. ఇలగ!"

వణికే చేత్తోనే ఆమె వేళ్లు పట్టుకుని వాలు చూపించాడు. చూపించి వదిలేశాడు. ఆ వాలు గ్లోరీ వేళ్లకు ఇంకా గుర్తే. మిగతావాళ్లకు రెండు నిమిషాల్లో అయ్యే పని అతనికి పది నిమిషాలు చేసేది. మోచేతి దగ్గరి పుట్టుమచ్చ, మణికట్టు మీద పాత కత్తిగాటు, ఉబ్బిన నరం అన్నీ ఆమెకు తెలుసు. బిళ్లలు అంటించడానికి మణికట్టు పట్టుకోగానే ఆ చేతిలో వణుకు సన్నగిల్లేది. కాసేపటికి పూర్తిగా ఆగేది.

ఆ గదిలో ఉన్నవి రెండు పెట్టెలు. ఒకటి మనిషి కండనే వినిపిస్తుంది. రెండోది ఎప్పుడో ఇంకెవరిదో పట్టి ఉంచిన చప్పుడు వినిపిస్తుంది. ఈ సంగతి అందరికీ ముందే చెప్పి సంతకాలు తీసుకున్నారు. ఏది నిజమైనదో, ఏది ఉత్తదో మాత్రం సీలు వేసిన కవరులో ఉంది. గ్లోరీకి ఎవరూ చెప్పలేదు. కానీ ఏడాదిపాటు పక్కన కూర్చున్న మనిషికి ఒకరు చెప్పాలా? ఎవరైనా దగ్గితే మొదటి పెట్టె గలగలమంటుంది. రెండోది ఎవరు దగ్గినా తుమ్మినా తన దారిన తాను పోతుంది.

గంగులుది రెండో నంబరు పెట్టె.

అయినా అతని చేయి వారం వారం కుదురుకుంటోంది. ఆ చప్పుడు వల్ల కాదని గ్లోరీకి తెలుసు. మరి దేనివల్ల? వంట చేసుకుంటూ ఆ మాట తలపుకొస్తే చేతిలో గరిటె ఆగిపోయేది. ప్రార్థనలో అన్నీ చెప్పుకునేది, ఆ ఒక్కటి తప్ప.

సిట్టింగు అయ్యాక పృథ్వీరాజ్ వచ్చి, గ్లాసులో నీళ్లు ఇంకో గ్లాసులోకి పొయ్యమన్నాడు. మొదటిరోజు సగం నీళ్లు నేలపాలయ్యాయి. ఇవాళ బల్ల మీద నాలుగు చుక్కలు పడ్డాయి. "బాగుంది గంగులు గారూ," అని రాసుకుని డాక్టరు వార్డుకు వెళ్లిపోయాడు.

గంగులు లేవలేదు. నాలుగు చుక్కల వంక చూస్తూ అడిగాడు.

"సిస్టరమ్మా, నాది నిజం పెట్టా, ఉత్త పెట్టా?"

"నాకెలగ తెలుస్తాది? కవరు ఇప్పాల."

"కవరు ఎప్పుడో ఇప్పుతారు. రేపు నా కత్తి కింద మనిషి పీక ఉంటాది. నాకు ఇయ్యాలే తెలియాల."

సంచిలోంచి రేకు డబ్బా తీశాడు. అందులో కత్తి, సబ్బు బిళ్ల, చెక్కపిడి బ్రష్. ఎడమ ముంజేతికి నురగ రాసుకుని, కుడిచేత్తో కత్తి తెరిచాడు. గ్లోరీ గభాలున వంగి అతని మణికట్టు పట్టుకుంది.

"వద్దు. తెగిపోతాది."

"సెయ్యి తీసీండి."

ఆమె తియ్యలేదు.

"తీసీండి గులోరమ్మా. షాపులోన మీరుండరు గదా," అన్నాడు మెల్లగా. ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

గ్లోరీ ఒక్కొక్క వేలే వదిలింది.

కత్తి గాలిలో రెండుసార్లు అదిరింది. గంగులు గుండెనిండా ఊపిరి తీసి వదిలాడు. భుజం దించాడు, మోచెయ్యి వదులు చేశాడు. ఆ క్షణంలో గ్లోరీకి ఒక కోరిక కలిగింది. ఆ చేయి వణకాలి. తన చేయి లేకపోతే అది నిలవకూడదు. తన మనసులో అలాంటిది పుట్టినందుకు ఆమె చెవులు వేడెక్కాయి. కళ్లు గట్టిగా మూసుకుంది.

తెరిచేసరికి నురగలో మోచేతి నుంచి మణికట్టు దాకా తిన్నటి దారి పడి ఉంది. కత్తి రెండోసారి దిగింది, మూడోసారి దిగింది. ఎక్కడా నెత్తురు లేదు. గంగులు చేయి వెలుతురుకు పెట్టి అటూఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మరైతే నిజం పెట్టే గదా?"

"నిజవే," అంది గ్లోరీ.

అతను కత్తి తుడిచి డబ్బాలో పెట్టాడు. బ్రష్ మాత్రం పెట్టలేదు.

"ఇది ఉంచండి. నాకు ఇంటికాడ ఇంకోటున్నాది. ఎనక వచ్చినోల్లకి ముందర ఇది రాసి, అప్పుడు గీకండి. పొడిగా గీకితే మంటెడతాది, పాపం."

"ఎన్ని గంటలకు రైలు?"

"పదిన్నరకి. ఎల్లొస్తాను మరి."

డబ్బా చంకన పెట్టుకుని వరండాలోంచి నడిచి వెళ్లాడు. కుళాయి దగ్గర ఆగాడు. అక్కడున్న స్టీలు గ్లాసు ఒక్క చేత్తో ఎత్తి, తల వెనక్కి వంచి, నీళ్లన్నీ తాగాడు. గ్లాసు బోర్లించి మెట్లు దిగాడు. వెనక్కి చూడలేదు. చూస్తాడని గ్లోరీ గేటు దాకా అతని చొక్కానే చూస్తూ నిలబడింది.

బల్ల మీద నాలుగు చుక్కలూ తుడిచింది. పదింటి మనిషి అప్పటికే గుమ్మంలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "రండి బాబూ," అని పిలిచి, గ్లోరీ వైర్లు అందుకుంది.

కిటికీ గట్టు మీద, కుచ్చు పైకి నిలబెట్టిన బ్రష్ నుంచి నురగ చెక్కపిడి మీదుగా నెమ్మదిగా కిందికి జారుతోంది.