ఫోన్ చెయ్యకుండా వెళ్లిన నీడ

అమెరికాలో, నెబ్రాస్కాలోని ఒక కాలనీ సంఘానికి వెర్నా టాలివర్ కార్యదర్శి. రోజూ పొద్దున్నే స్కేలు పట్టుకుని వీధంతా తిరిగేది. ఎవరి గడ్డి ఆరంగుళాలు దాటినా, చెత్తడబ్బా సాయంత్రానికి లోపలికి వెళ్లకపోయినా తలుపుకి నోటీసు అంటించేది. అలాగని ఆమెమీద ఎవరికీ కోపం లేదు. మేయరు దగ్గర్నుంచి బడిపిల్లల దాకా అందరూ "వెర్నా!" అని పేరు పెట్టే పిలిచేవారు. "ఎప్పుడైనా ఇంటికి రా," అనేవారు. ఎప్పుడైనా అంటే ముందు ఫోన్ చేసి, వాళ్లు రమ్మన్న రోజు, రమ్మన్న గంటకి. అది ఆమెకీ తెలుసు. భర్త పోయి ఆరేళ్లు. ఫోన్ తీసేది, ఏమని అడగాలో తోచక పెట్టేసేది.

ఏప్రిల్లో ఆమె నీడ ఒక్కటే బయటికి వెళ్లడం మొదలుపెట్టింది. మధ్యాహ్నాలు ఎవరి వరండాలోనో వెళ్లి కూర్చునేది. ఫిర్యాదులొచ్చాయి.

"నీడ వస్తే మాకేం లేదు వెర్నా," అంది ఎదురింటి జోలీన్ ఇబ్బందిగా నవ్వుతూ. "ముందు ఒక్క ఫోన్ చేసి రమ్మను, అంతే."

రూలు రూలే. వెర్నా తన తలుపుకి తనే నోటీసు అంటించుకుంది. మర్నాడు వెళ్లిన నీడ మూడు రోజులైనా తిరిగి రాలేదు.

చివరికి అది వీధి చివరింటి కిటికీలోంచి వెర్నాకి కనిపించింది, వంటింటి బల్ల దగ్గర కూర్చుని. ఆ ఇల్లు ఎల్‌రాయ్ హాస్కెట్‌ది. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. సంఘం పుస్తకంలో అతని ఫోన్ నంబరు లేదు. వెర్నా మెట్లమీద చాలాసేపు తటపటాయించి, తలుపు తట్టింది.

"దానికోసమేనా? రా," అన్నాడు ఎల్‌రాయ్.

"ముందు ఫోన్ చేద్దామంటే నీ నంబరు లేదు."

"ఫోనే లేదు. మా ఆవిడ వెళ్లిపోయాక తీయించేశాను. ఫోన్ లేని కొంపకి మనిషన్నవాడు రాడని అప్పుడు తెలీలేదు."

పొయ్యిమీద సూపు ఉడుకుతోంది. నీడ పక్కన కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టాడు.

"ఎలా ఉన్నావు?"

"బాగున్నాను," అంది అలవాటుగా.

ఆ మాటకి అందరూ తలూపి ముందుకు వెళ్లిపోతారు. ఎల్‌రాయ్ మాత్రం గరిటె చేత్తో పట్టుకుని, ఆమె మొహంలోకి చూస్తూ అలాగే నిలబడ్డాడు.

"లేదు," అంది వెర్నా. "బాగా లేను."

ఆరేళ్ల మాటలూ అయ్యేసరికి సూపు చల్లారింది. వేడిచేసి పొయ్యబోతే ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే గిన్నె. వెర్నా తన ఇంటికి వెళ్లి ఇంకొకటి తెచ్చింది. దాన్ని మళ్లీ వెనక్కి తీసుకెళ్లలేదు.