గుడ్డ సీలింగు

నా పేరు కరుణ. ఈ పేరు పెట్టిన మా నాయన ఇప్పుడు బతికుండి నా నోరు వింటే, పేరు మార్చమని తనే అర్జీ పెట్టేవాడు. నిజమే, నాకు కోపం ఎక్కువ. కానీ ఈ ఏడాది వచ్చిన కోపం ఊరికే రాలేదు. మా ఇంటి రేకుల్లోంచి చుక్క చుక్కగా దిగింది.

మగ్గాల పనికి వలసొచ్చిన ఈ గుజరాతీవాళ్ల ఊళ్లో, బమ్రోలిలో, మాది ఒక గది, ఒక వంటిల్లు. పైన సిమెంటు రేకులు. మా ఆయన పరమేశ్వర్ మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు. నేను ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తాను. మా అత్త ఎల్లవ్వ కూడా పోయిన వానాకాలం దాకా నాతో సమానంగా అతికించేది. అప్పుడు రేకులు నాలుగు చోట్ల పగిలి, ఇల్లంతా నీళ్లయి, ఆ తడిలో కాలు జారి ఆమె తుంటి విరిగింది. అప్పటినుంచీ మంచం మీదే. మంచం పట్టే చోటు ఇంట్లో ఒక్కటే ఉంది, అది సరిగ్గా పెద్ద పగులు కింద. మళ్లీ వానలు పడేలోపు రేకులు మారాలి, లేకపోతే ముసలామె పడుకున్న చోటే తడవాలి. సంగతి ఇంతే.

రేకులు మార్పించే స్తోమత మాకు లేదు. ఆ మాట పైకి చెప్పడానికి మా ఆయనకు సిగ్గు, నాకు లేదు. అందుకని నేనే బయల్దేరాను.

ముందు మా కులసంఘం పెద్ద దేవదాస్ సేట్ దగ్గరికి వెళ్లాను. ఆయన కూడా మాలాగే సిరిసిల్ల నుంచి చేతులూపుకుంటూ వచ్చినవాడే, ఇప్పుడు ఇరవై నాలుగు మగ్గాలకు యజమాని. సంఘానికి సాయం నిధి ఉంది. మేమందరం ఏటేటా చందా ఇస్తాం. ఆయన నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, నిధి పెళ్లిళ్లకూ చావులకూ మాత్రమేనని, ఇంటి మరమ్మతులకు రూల్సులో లేదని చెప్పాడు. చావుకైతే ఆ రోజుకారోజే ఇస్తారట. కట్టెలు కూడా సంఘమే తెప్పిస్తుందట. అంటే మా అత్త చస్తే సాయం చేస్తారు, చావకుండా ఉండడానికి మాత్రం చెయ్యరు. ఆ ముక్క ఆయన మొహం మీదే అనేసి, చాయ్ ముట్టకుండా లేచొచ్చాను. సగం దారిలో తాగాల్సింది అనిపించింది, మా చందాల చాయే కదా.

తర్వాత పక్కింటి వినోద్ చెప్పాడు, పేదల ఇళ్ల కప్పులు బాగుచేసుకోవడానికి వార్డు ఆఫీసులో ఏదో పథకం ఉందని. వినోద్ ఇక్కడే పుట్టి పెరిగిన మగ్గం కార్మికుడు, గుజరాతీ చదవగలడు. వాడే ఫారం నింపాడు. ఇక నా తిరుగుడు మొదలైంది. ఒకసారి ఇంటి పన్ను రసీదు అన్నారు, ఇంకోసారి కరెంటు బిల్లు అన్నారు, మూడోసారి ఆ రెండూ పాతబడ్డాయి, కొత్తవి తెమ్మన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ పూజారులు కిటికీకొకరు. చెప్పులరిగేలా తిరిగి తిరిగి, చివరికి మే నెలలో, గురువారం నాడు సర్వే మనిషి వచ్చి ఇల్లు చూస్తాడని ఫోన్లో మెసేజీ వచ్చింది.

ఇక్కడ మావాళ్ల అలవాటొకటి చెప్పాలి. రేకుల ఇళ్లలో మేం పైన గుడ్డ బిగించి కడతాం. ఎండ వేడి కొంత ఆగుతుంది, రేకుల మొహం కనపడదు. గుడ్డకేం కరువు? మగ్గం మీద ఎక్కడైనా పోగు తప్పితే మగ్గాల యజమాని ఆ తాను ఖరీదంతా కూలిలో కోసుకుని, తానును మా మొహాన పడేస్తాడు. అలా వచ్చిన తాను ఒకటి మా ఇంట్లో పెట్టె అడుగున ఉండేది.

బుధవారం నేను చీరలు అప్పజెప్పడానికి ఖటోదరా వెళ్లాను. తిరిగొచ్చి గడప దాటగానే, ఇది ఎవరిల్లో అనుకున్నాను. గోడ నుంచి గోడకు తెల్లటి గుడ్డ, ఎక్కడా ముడత లేకుండా, డోలు చర్మంలా బిగించి ఉంది. పగుళ్లు లేవు, నాచు లేదు, పోయినేడు కుక్కిన గోనెసంచులు లేవు. పరమేశ్వర్ నిచ్చెన మీదనుంచి దిగుతూ మేకులు నోట్లోంచి తీసి, "సర్కారు మనిషి ఇంటికొస్తున్నడు. ఆ గోనెలు జూస్తే ఇజ్జత్ పోదా?" అన్నాడు.

అబద్ధం ఎందుకాడాలి, నాకూ బాగుందనిపించింది. మా అత్త కూడా మంచం మీదనుంచి చూసి, కొడుకు నేసిన గుడ్డ కదా, కళ్లు తుడుచుకుంది. ఆ మనిషి వచ్చేదే మా ఇంటి దరిద్రం చూడ్డానికన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చిరుగు లోపలికి మడవడమే మా వంశంలో అందరికీ వచ్చిన పని.

సర్వే మనిషి మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. కుర్రాడే, చెమటలు కక్కుతున్నాడు. ఇంట్లో పాలు విరిగిపోయాయి. ఇంటికొచ్చిన మనిషిని ఎండిన గొంతుతో పంపుతామా? కూల్‌డ్రింకు కోసం మూలమీది కొట్టుకు పరుగెత్తాను. ఐదు నిమిషాల్లో వచ్చేసరికి అతను బండెక్కి ఉన్నాడు. సీసా అందుకుని, తాగి, మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు.

లోపలికొచ్చి, గుడ్డ వెనక రేకులు పగిలి ఉన్నాయని చెప్పావా అని మా ఆయన్ని అడిగాను.

"ఆయన అడగలే."

"మరి ఏం జేసిండు?"

"రెండు ఫోటోలు దీసిండు. సీలింగ్ అచ్ఛా హై అన్నడు."

ఆ మెప్పుకు ఈయన ఛాతీ ఇంకా పొంగే ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు నేనన్న మాటలు రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. ఆయన నైట్ షిఫ్టు టైమైందని డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు.

జూన్ మొదటి వారంలో జాబితా పెట్టారు. మా పేరు లేదు. ఆఫీసులో కళ్లద్దాల సారు కంప్యూటర్ నా వైపు తిప్పి ఫోటో చూపించాడు. ట్యూబ్‌లైటు వెలుగులో మా గుడ్డ మెరిసిపోతోంది. కింద గుజరాతీలో, పైకప్పు మంచి స్థితిలో ఉంది అని రాసి ఉందట. పైన పటారం, లోన లొటారం అని ఆయనకు హిందీలో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. గుడ్డ మాత్రమే అది, వెనకంతా పగుళ్లే, ఇప్పుడే వచ్చి చూడండి అని వచ్చిన హిందీలో మొత్తుకున్నాను. ఆయన కోప్పడలేదు, అదే నాకు ఇంకా మండింది. మళ్లీ అర్జీ ఇమ్మన్నాడు. మళ్లీ మనిషి వచ్చి చూస్తాడట, పదిహేను రోజులు పట్టొచ్చట. నేను లేవబోతుంటే ఒక మాట గట్టిగా చెప్పాడు. అప్పటిదాకా పైన ఏమీ వెయ్యొద్దు, ప్లాస్టిక్ తాడ్‌పత్రి పట్టా కూడా కప్పొద్దు, కప్పితే మరమ్మతు అయిపోయినట్టు లెక్క.

మళ్లీ అర్జీ ఇచ్చి ఎదురుచూస్తుండగానే పద్దెనిమిది రోజులు గడిచాయి. ఎవరూ రాలేదు. మనిషి వచ్చే రోజు విప్పుదామని, ఎండకు అడ్డంగా ఆ గుడ్డను అలాగే ఉంచాం. ఇరవయ్యో రోజున వాన వచ్చింది.

పొద్దున తొమ్మిది గంటలు. నైట్ షిఫ్టు చేసి వచ్చిన పరమేశ్వర్ అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు. పైన టపటపా మొదలైంది. పది నిమిషాల్లో ఆ గుడ్డ మా అత్త మంచం మీదికి నిండు కడుపులా వేలాడింది. బకెట్ కింద పెట్టి కత్తెరతో పొడిచాను. బురదనీళ్లు బకెట్‌లో సగం, ముసలామె మీద సగం పడ్డాయి. గుడ్డ చిరిగి పక్కకు పోయాక పగులు నోరు తెరుచుకుని కనపడింది. ఇక నీళ్లు సూటిగా ఆమె పొట్ట మీదే పడుతున్నాయి. మంచం అటు జరిపితే తలుపు, ఇటు జరిపితే పొయ్యి.

మా ఆయన చెయ్యి కడుక్కోకుండానే వినోద్ ఇంటినుంచి తాడ్‌పత్రి తెచ్చి నిచ్చెన వేశాడు. నేను నిచ్చెన పట్టుకుని అడ్డం నిలబడ్డాను. కప్పితే ఈ ఏడాదికి సాయం పోయినట్టే, కప్పకపోతే ఈమె పోతుంది. ఏం చెయ్యాలో తోచక ఆయన్నే తిట్టాను. అప్పుడు మంచం మీదనుంచి మా అత్త మాట వినిపించింది.

"కప్పకు బిడ్డా. సారు జూసేదాకా నేను తడుస్త."

చలికి ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. డెబ్బై ఏళ్ల మనిషి, బతుకంతా మగ్గానికి కండెలు చుట్టిన మనిషి, ఎవడో వచ్చి ఫోటో తీసుకునేదాకా తడుస్తానంటోంది. మాకు కావలసింది ఇదన్నమాట. సర్కారు సాయం రావాలంటే మనిషిని వానలో పరిచి పెట్టాలి. నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏడుపు మింగేశాను. కోపం మింగలేదు.

"ఆ పట్టా ఇటియ్యి" అన్నాను మా ఆయనతో. "రేకుల మీద ఏమి కప్పొద్దన్నరు గని అత్తమ్మ మీద కప్పొద్దని అనలే. వినోద్‌ను బిలువు. మంచం లేపుండ్రి."

"యాడికే?"

"కప్పు కారని జాగకు."

ఆ గల్లీలో నైట్ షిఫ్టు దిగినవాళ్లకు కొదవేముంది. మగ్గానికెక్కించే నూలు బీములు మోసీ మోసీ వాళ్ల భుజాలు కాయలు కాచి ఉంటాయి. నలుగురు నాలుగు కోళ్లు పట్టి మంచాన్ని ముసలామెతో సహా భుజాలకెత్తారు. వాన పడకుండా నేను తాడ్‌పత్రి తల దాకా కప్పాను. ముందు నేను, వెనక మంచం, ఆ వెనక గొడుగులతో గల్లీ ఆడవాళ్లు. రోడ్డెక్కాక గానీ అది చూడ్డానికి ఎలా ఉందో నాకు తట్టలేదు. రిక్షావాళ్లు పక్కకు జరిగి దండం పెడుతున్నారు.

చౌరస్తాలో దేవదాస్ సేట్ కారు ఆగింది. ఆయన దిగి, చెప్పులు వానలోనే విడిచి, చేతులు కట్టుకుని మంచం పక్కన నాలుగడుగులు నడిచాడు. తర్వాత మెల్లగా నా దగ్గరికొచ్చి, ఎప్పుడు జరిగిందని అడిగాడు. నిధి డబ్బు సాయంత్రానికల్లా పంపిస్తానని, కట్టెలకు ఇప్పుడే ఫోన్ చేస్తానని అన్నాడు.

తాడ్‌పత్రి పక్కకు జరిగి ఎల్లవ్వ మొహం బయటికొచ్చింది.

"నేనింక సావలే, దేవదాసూ. కట్టెలొద్దు, రేకులియ్యి."

కోళ్లు మోస్తున్నవాళ్లు నవ్వు ఆపుకోలేక మంచాన్ని కిందపడేసేవాళ్లే. దేవదాస్ సేట్ ఫోన్ జేబులో పెట్టేశాడు. చెప్పులు కూడా మరిచిపోయి కారెక్కాడు.

వార్డు ఆఫీసు అప్పుడే తెరిచారు. మంచాన్ని సరాసరి లోపలికి తీసుకెళ్లి కళ్లద్దాల సారు టేబుల్ ముందు దించాం. తాడ్‌పత్రి మీది నీళ్లు ఆయన ఫైళ్ల వైపు పారాయి. ఆయన ఎగిరి లేచి కాగితాలు గుండెకు హత్తుకున్నాడు. ఆ కాగితాలను అంత ముద్దుగా పట్టుకున్నవాణ్ణి చూస్తే నా ఒళ్లు ఇంకా మండింది.

ఇది ఆస్పత్రి కాదని ఆయన అన్నాడు. తెలుసన్నాను. మీరు ముట్టుకోవద్దన్నారు, మేం ముట్టుకోలేదు, ఇల్లు మీకోసం కారుతూనే ఉంది, వెళ్లి చూసుకోండి, చూసేదాకా ఈమె మీ కప్పు కింద ఉంటుందని చెప్పాను. నా హిందీ వంకరటింకరగానే ఉంది గానీ ఆ రోజు అందరికీ అర్థమైంది. బయట జనం పోగయ్యారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. సారు వాళ్ల వైపోసారి, మంచం వైపోసారి చూసి గొంతు తగ్గించాడు. ఈమెను ఇంటికి తీసుకెళ్లండి, వాన తగ్గాక రేపు తప్పకుండా మనిషిని పంపిస్తాను అన్నాడు.

ఆ మాట నేను మా అత్తకు తెలుగులో చెప్పాను. ఆమె వెల్లకిలా పడుకుని పైకి చూసింది. సిమెంటు స్లాబు, ఎక్కడా ఒక్క చెమ్మ మచ్చ లేదు. చాలాసేపు చూసింది.

"తొందరేం లేదని జెప్పు. గీడ పంక గూడ ఉన్నది. వానకాలమంత ఈడనే ఉంట."

వినోద్ అది గుజరాతీలో చెప్పాడు. సారు తన రెయిన్‌కోటు ఎక్కడుందో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.