ఆగిపోయిన అద్దం

ఆ ల్యాబ్‌లో అందరూ ఆయన్ని గురి బాబాయి అనేవారు. అక్కడే పనిచేసే ఆమెకు మాత్రం నిజంగానే బాబాయి, పిన్ని భర్త. ఉద్యోగం చూపించిందీ, దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పిందీ ఆయనే.

సెల్‌ఫోన్‌లో ఇమిడే బుల్లి ప్రొజెక్టర్లు అక్కడ తయారయ్యేవి. ఆవగింజంత అద్దం క్షణానికి వేలసార్లు ఊగుతూ, లేజర్ కాంతిని అటూ ఇటూ తిప్పి గోడ మీద బొమ్మ గీస్తుంది. ఆ కాంతిని సరిగ్గా అద్దం నడిమధ్యకు కుదర్చాలి. బాబాయి ఒక్కసారి మర తిప్పి కుదిర్చేసేవాడు, అందుకే ఆ పేరు. అలాంటిది ఈ మధ్య నాలుగైదుసార్లు తిప్పినా కుదరడం లేదు. తల పక్కకు వాల్చి, ఎడమ కంటితో చూస్తున్నాడు.

ఓ మధ్యాహ్నం ఆయన టీకి వెళ్లగానే ఆమె ఆయన బల్ల కిందకి వంగి చూసింది. అద్దం ఆగిపోతే కాంతంతా ఒకేచోట పడి కంటిని కాల్చేస్తుంది. అందుకే, ఆగిన మరుక్షణం లేజర్‌ను ఆర్పేయడానికి ఒక తీగ ఉంటుంది. దాన్ని ఎవరో పీకేసి టేపు చుట్టారు.

"ఎందుకు పీకావు బాబాయ్?" ఆయన రాగానే అడిగింది.

"అయినదానికీ కానిదానికీ ఆరిపోతుంటే పని సాగొద్దూ? లేజర్ తగలకుండా ఇచ్చిన రంగు కళ్లద్దాలు పెట్టుకుంటే కాంతి చుక్క కనబడదు, అవీ తీసేశాను. ఒకరోజు అద్దం ఆగింది. రెప్ప వేసేలోపే అయిపోయింది. కుడి కంట్లో చిన్న మచ్చ, అంతే."

"అంతేనా! డాక్టరుకి చూపించావా?"

"చూపిస్తే అందరికీ తెలిసిపోతుంది. చూపు లేనోడికి ఇక్కడ కుర్చీ వేస్తారటే? మీ పిన్నికే చెప్పలేదు. నా మీద ఒట్టు, నోరు విప్పకు."

రెండు రోజులు విప్పలేదు.

మూడో రోజు మేనేజరు కొత్తగా చేరిన అమ్మాయిని తీసుకొచ్చి బాబాయి పక్కన కూర్చోబెట్టాడు. "ఎక్కడ చూడాలండీ?" అంటూ ఆ కొత్తమ్మాయి కాంతి వైపు వంగింది. బాబాయి ముఖం పాలిపోయింది. అయినా వద్దని ఆపలేదు.

పక్క బల్ల నుంచి అది చూసిన ఆమె ఆగలేకపోయింది. ఒక్క అంగలో వెళ్లి స్విచ్ ఆపేసింది. "సార్, ఈ బల్ల దగ్గర ఎవర్నీ కూర్చోబెట్టకండి," అని, ఉన్నదంతా చెప్పేసింది.

అన్ని బల్లలూ వెతికితే ఏడింట నాలుగు చోట్ల తీగలు పీకేసి ఉన్నాయి. వారం రోజులు పని ఆగింది. బాబాయి కంట్లో మచ్చ ఇక పోదన్నారు డాక్టర్లు. ఆయన్ని స్టోర్‌రూమ్‌లో వేశారు. ఎదురుపడితే చాలు, తల తిప్పుకుని వెళ్లిపోతున్నాడు.

ఆదివారం పిన్ని ఆమె ఇంటికి వచ్చింది. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"నువ్వు బయటపెట్టావని కాదే నా బాధ. ఆ రెండు రోజులూ నాకెందుకు చెప్పలేదు?"

 ఆమె తలుపు పక్కకు జరిగి, పిన్నికి దారి ఇచ్చింది.